పాత రేంజ్ రోవర్‌లో ఈల, వణుకు: గాలి లీకు పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: అన్నా, నేను కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాను. రెండేళ్ల కిందట ముచ్చటపడి 2004 మోడల్ రేంజ్ రోవర్ కొన్నాను. 4.4 లీటర్ల వీ8 ఇంజన్. 1,48,000 మైళ్లు తిరిగింది. నాలుగు నెలలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ వణుకుతోంది, ఆర్‌పీఎం ముల్లు కిందకీ పైకీ ఊగుతోంది. వేడెక్కాక కొంచెం నయం. బానెట్ ఎత్తి వింటే వెనకవైపు ఎక్కడో సన్నగా ఈల వినిపిస్తోంది. ఇంజన్ ఆయిల్ కూడా ఈమధ్య తరచుగా పోయాల్సి వస్తోంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, కోడ్లు పీ0171, పీ0174. ఒక షాపులో రెండు ఆక్సిజన్ సెన్సర్లు మార్చారు, తర్వాత ఎయిర్‌ఫ్లో సెన్సర్ మార్చారు. మొత్తం 1,200 డాలర్లు అయింది. వారానికే లైట్ మళ్లీ వచ్చింది. నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్కానర్‌లో చూస్తే ఫ్యూయల్ ట్రిమ్ షార్ట్, లాంగ్ రెండూ కలిపి ఐడిలింగ్‌లో ఒకవైపు +19, రెండోవైపు +17 ఉంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర +5, +4. రెండు నెలల్లో స్మాగ్ పరీక్షకి, అంటే బండి పొగ కాలుష్యం తనిఖీకి, వెళ్లాలి. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న చూసి, ‘దీనిమీద పెట్టేదంతా బూడిదలో పోసిన పన్నీరేరా, అమ్మిపారెయ్’ అంటున్నారు. నాకు స్పానర్లు పట్టుకోవడం వచ్చు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ షాపుకి వెళ్లడం ఆపండి. ఇంకో సెన్సర్ కొనడం కూడా ఆపండి. మీరు పంపిన నాలుగు అంకెల్లోనే సగం జవాబు ఉంది. సెన్సర్లు మార్చకముందే ఎవరైనా వాటిని చూసి ఉంటే ఆ 1,200 డాలర్లు మీ జేబులోనే ఉండేవి.

పీ0171 అంటే ఇంజన్‌లో ఒకటో బ్యాంకు (వీ8లో ఒక్కోవైపు ఉండే నాలుగు సిలిండర్ల వరసని బ్యాంకు అంటారు), పీ0174 అంటే రెండో బ్యాంకు ‘లీన్’గా ఉందని, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని అర్థం. అంతకుమించి ఆ కోడ్ ఏమీ చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ పాడైందని అసలే చెప్పదు. లీన్‌గా ఉందని కనిపెట్టి కంప్యూటర్‌కి చేరవేసిందే ఆ సెన్సర్. నిజం చెప్పినందుకు దాన్నే పీకేసి కొత్తది పెట్టారు. కొత్తది కూడా అదే నిజం చెప్పింది, అందుకే వారానికే లైట్ వచ్చింది.

లోపల జరుగుతున్నది ఇది. పెళ్లి భోజనాల దగ్గర ముందు గేటులో ఒకాయన నిలబడి వచ్చినవాళ్లని లెక్కపెట్టి వంటశాలకి కబురు పెడతాడు, ఆ లెక్కకే అన్నం వండుతారు. పెరటి గోడ దూకి ఇంకో ముప్ఫైమంది వచ్చి కూర్చుంటే అన్నం చాలదు. మీ బండిలో ఆ గేటులో ఉన్నది ఎయిర్‌ఫ్లో సెన్సర్. దాన్ని దాటాక రబ్బరు గొట్టంలోనో, మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల కూర్పు) గ్యాస్కెట్‌లోనో చీలిక ఉంటే అక్కడినుంచి లోపలికొచ్చే గాలి ఏ లెక్కలోకీ రాదు. కంప్యూటర్ తనకి తెలిసిన గాలికి సరిపడా పెట్రోలే పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ‘చాలట్లేదు’ అంటుంది. అప్పుడు కంప్యూటర్ ఇంకాస్త పెట్రోల్ కలుపుతుంది. ఆ కలిపిన శాతమే ఫ్యూయల్ ట్రిమ్. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ఇది సున్నాకి అటూ ఇటూ ఓ 5 లోపల ఆడుతుంది. +10 దాటితే ఏదో ఉందని అనుమానించాలి. మీది +19.

ఇప్పుడు మీ అంకెల్లో అసలు కీలకం చూడండి. ఐడిలింగ్‌లో +19 ఉన్నది 2,500 దగ్గర +5కి దిగింది. ఐడిలింగ్‌లో థ్రాటిల్, అంటే గాలిని అదుపుచేసే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్ లోపల వ్యాక్యూమ్, అంటే లాగుడు, గట్టిగా ఉంటుంది, ఎక్కడ చిల్లు దొరికితే అక్కడినుంచి గాలి లాగుతుంది. పైగా అప్పుడు ఇంజన్ పీల్చే మొత్తం గాలే తక్కువ, అందులో దొంగగాలి వాటా పెద్దగా కనిపిస్తుంది. రేస్ చేస్తే మొత్తం గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, చిల్లు మాత్రం అంతే ఉంటుంది, వాటా పడిపోతుంది. కాబట్టి ఐడిలింగ్‌లో ఎక్కువ, రేస్ చేస్తే తక్కువ అంటే గాలి లీకే. దీనికి తలకిందులుగా ఉంటే, అంటే ఐడిలింగ్‌లో బాగానే ఉండి బరువు మీద, హైవే మీద ట్రిమ్ పెరుగుతూ పోతే అప్పుడు ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు చూడాలి. మీకు ఆ లక్షణాలు లేవు.

రెండో సంగతి, రెండువైపులా దాదాపు సమానంగా ఉంది. 19కీ 17కీ తేడా లెక్కలోకి తీసుకోవద్దు. ఒకవైపు +20, ఇంకోవైపు +3 ఉంటే ఆ వైపు మానిఫోల్డ్ గ్యాస్కెట్‌నో, ఆ వైపు ఎగ్జాస్ట్‌లో సెన్సర్‌కి ముందున్న లీకునో వెతికేవాళ్లం. (ఎగ్జాస్ట్ లీకు కూడా బయటిగాలిని లాక్కుని సెన్సర్‌ని మోసం చేస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మంటుంది.) మీ బండిలో రెండు బ్యాంకులకీ ఉమ్మడిగా ఉన్నచోట గాలి దూరుతోంది.

ఉమ్మడి చోట్లు ఏవో చెప్పేముందు మీ ఇంజన్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే విడిభాగాలు కొనేటప్పుడు పనికొస్తుంది. ఈ తరం రేంజ్ రోవర్‌ని, అంటే ఎల్‌322ని, ల్యాండ్ రోవర్ బీఎండబ్ల్యూ చేతిలో ఉన్న రోజుల్లో తయారుచేశారు. 2000లో కంపెనీని ఫోర్డ్‌కి అమ్మేసినా ఇంజన్ మాత్రం 2005 మోడల్ దాకా బీఎండబ్ల్యూదే కొనసాగింది. 2006 మోడల్ నుంచి జాగ్వార్ ఇంజన్లు వచ్చాయి. మీ బానెట్ కింద ఉన్నది ఎం62 అనే 4,398 సీసీ వీ8. అప్పటి ఎక్స్5 4.4లోనూ, 540, 740 కార్లలోనూ ఉన్న కుటుంబమే. చాలా గ్యాస్కెట్లు, వాల్వులు అవే. ల్యాండ్ రోవర్ డబ్బాలో ఒక ధర, బీఎండబ్ల్యూ డబ్బాలో ఇంకో ధర ఉండొచ్చు. కొనేముందు పార్ట్ నంబర్లు సరిచూసుకోండి. అన్నీ ఒకటే అనుకోవద్దు, ఆయిల్ సంప్ లాంటివి ఈ బండికి వేరు.

ఇక మొదటి అనుమానం. మానిఫోల్డ్‌కి సరిగ్గా వెనక, ఇంజన్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య ఇరుకులో, పీసీవీ వాల్వ్ ఉంటుంది. క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ అడుగున క్రాంక్, ఆయిల్ ఉండే గదిలో) పోగయ్యే ఆవిరిని కొలతగా మానిఫోల్డ్‌లోకి వదలడం దాని పని. లోపల పల్చటి రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దానికి ఒకపక్క బయటిగాలి తగలడానికి చిన్న రంధ్రం ఉంటుంది. ఇరవై ఏళ్ల వేడికి, ఆయిల్ ఆవిరికి ఆ రబ్బరు గట్టిపడి చిరుగుతుంది. చిరిగితే ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోతుంది, ఈల వస్తుంది. అదే సమయంలో క్రాంక్‌కేస్‌లో వ్యాక్యూమ్ అదుపు తప్పి ఇంజన్ ఆయిల్‌ని మానిఫోల్డ్‌లోకి లాగేస్తుంది. వెనక ఈల, ఆయిల్ తగ్గడం, రెండు బ్యాంకులూ లీన్. మీరు రాసిన మూడూ దీనివైపే వేలు చూపిస్తున్నాయి. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలేటప్పుడు వెనక నీలం పొగ వస్తోందేమో ఎవరినైనా గమనించమనండి, వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

పైసా ఖర్చు లేకుండా దీన్ని పరీక్షించొచ్చు. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీయండి. మామూలుగా కొద్దిపాటి లాగుడు ఉంటుంది, మూత తీశాక ఇంజన్ కాస్త తడబడుతుంది. మూత ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉండి, తీయగానే ఈల ఆగిపోతే డయాఫ్రమ్ పోయినట్టే లెక్క. మూత తీసినా ఇంజన్‌లో ఏ మార్పూ లేకపోతే అది కూడా మంచిది కాదు, క్రాంక్‌కేస్‌లోకి ఇంకెక్కడినుంచో ఇప్పటికే గాలి దూరుతోందన్నమాట. మూత తీశాక ఆ నోటికి పల్చటి రబ్బరు గ్లవ్ పరచి చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. కొద్దిగా లోపలికి కుంగితే సరే. జర్రున లోపలికి లాక్కుంటే సరికాదు. గ్లవ్‌ని గట్టిగా పట్టుకోండి, ఇంజన్ మింగేస్తే ఇంకో తలనొప్పి. ఇంకోమాట, క్రాంక్‌కేస్ వ్యాక్యూమ్ మరీ ఎక్కువైతే గేర్‌బాక్స్ వైపున్న క్రాంక్ ఆయిల్ సీల్ కూడా ఊళ పెడుతుంది. ఆ శబ్దం విని ‘సీల్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి’ అని ఎవరైనా చెబితే ఈ వాల్వ్ మార్చేదాకా ఒప్పుకోకండి.

పీసీవీ దొరికింది కదా అని అక్కడితో ఆగిపోవద్దు. ఇరవై ఏళ్ల ఇంజన్‌లో రబ్బరంతా ఒకే వయసుది. ఒకటి చిరిగిందంటే పక్కది కూడా ఆ దారిలోనే ఉంటుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే ముడతల రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి, ముడతల లోపల టార్చ్ వేసి చూడండి. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, వంచితే నోరు తెరుస్తుంది. మొన్న సెన్సర్ మార్చినప్పుడు ఆ గొట్టాన్ని కదిపారు కాబట్టి క్లిప్పులు సరిగ్గా బిగించారో లేదో కూడా చూడండి. డిప్‌స్టిక్ గొట్టం అడుగున ఓ-రింగ్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు, ఆయిల్ మూత రబ్బరు, ఇవన్నీ ‘ఆయిల్ కారే చోట్లు’ అనుకుంటారు చాలామంది. ఈ ఇంజన్‌లో క్రాంక్‌కేస్ కూడా వ్యాక్యూమ్ కిందే ఉంటుంది కాబట్టి ఆయిల్ బయటికొచ్చే ప్రతి చీలికా గాలి లోపలికెళ్లే చీలికే.

ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఉండిపోయినా ఇదే తంతు. పెట్రోల్ నింపించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తే దాన్ని గుర్తుచేసుకోండి. ఐడిలింగ్‌లో ఆ పైపుని మెత్తటి క్లాంపుతో నొక్కిపట్టి స్కానర్ చూడండి. ట్రిమ్ గబగబా దిగితే దొంగ దొరికినట్టే. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు పైపుకి కూడా ఇదే పద్ధతి. కానీ బండి నిలబెట్టి ఉన్నప్పుడు మాత్రమే, చూసిన వెంటనే క్లాంపు తీసేయండి. బూస్టర్ విషయంలో ఇంకో పరీక్ష చేయండి: ఇంజన్ ఆపి బ్రేక్ పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోయినా, పెడల్ తొక్కినప్పుడల్లా కాళ్ల దగ్గర బుస్సుమని వినిపించి ఐడిలింగ్ మారినా బండి రోడ్డెక్కించొద్దు. మిగతా లీకులతో పెట్రోల్ వృథా అవుతుంది, దీనితో బ్రేకుకి బూస్టర్ సాయం పోతుంది.

ఇంజన్ ఆపాక వినిపించే బుస్సు మాత్రం వేరే కథ. మీ బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉంది. ఆపాక, తలుపు తీశాక అప్పుడప్పుడు గాలి వదిలే చప్పుడు అది సర్దుకోవడమే. ఇంజన్ గాలి లీకు ఇంజన్ తిరుగుతున్నప్పుడే వినబడుతుంది. ఈ రెండిటినీ కలిపి కంగారుపడేవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు అసలు పరీక్ష: స్మోక్ టెస్ట్. ఆయిల్‌ని వేడిచేసి పుట్టించిన పొగని చాలా తక్కువ ఒత్తిడితో ఇన్‌టేక్‌లోకి ఎక్కిస్తారు. ఎక్కడ చీలిక ఉంటే అక్కడినుంచి పొగ బయటికొస్తుంది. బే ఏరియాలో యూరప్ బళ్లు చూసే చాలా విడి షాపుల్లో ఈ మెషీన్ ఉంటుంది, ఒక గంట కూలీతో అయిపోయే పని. చేయించేటప్పుడు మూడు విషయాలు పట్టుబట్టండి.

మొదటిది, బండిని ముందురోజు సాయంత్రమే వదిలి పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద చేయమనండి. మీకు పొద్దునే ఎక్కువ వణుకు అన్నారు. గట్టిపడిన మానిఫోల్డ్ గ్యాస్కెట్లు చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని గాలి వదులుతాయి, వేడెక్కాక వ్యాకోచించి మూసుకుంటాయి. మధ్యాహ్నం వేడి ఇంజన్ మీద పరీక్ష చేసి ‘ఏమీ లేదు’ అని పంపేస్తే డబ్బు దండగ. రెండోది, ఒత్తిడి 1 పీఎస్‌ఐ లోపే ఉండాలి, సగం చాలు. ‘గట్టిగా ఎక్కిస్తే బాగా కనిపిస్తుంది’ అనే మెకానిక్ బాగున్న సీల్స్‌ని కూడా పాడుచేస్తాడు. మూడోది, పొగ పైనుంచే కాకుండా మానిఫోల్డ్ వెనక, ఆ గోడ పక్కన ఇరుకులో చిన్న కెమెరానో అద్దమో పెట్టి చూడమనండి. పీసీవీ మూత రంధ్రంలోంచి పొగ వస్తే డయాఫ్రమ్ పోయినట్టు రుజువు. మానిఫోల్డ్ వెనక వాడకుండా వదిలేసిన చిన్న గొట్టాలకి రబ్బరు టోపీలు ఉంటే అవి పగిలాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంజెక్టర్ల మొదళ్ల దగ్గర సన్నటి పొగ లేస్తే అవి ఓ-రింగులు. సైలెన్సర్ నుంచి పొగ వస్తే భయపడకండి, తెరిచి ఉన్న వాల్వుల గుండా వెళ్లిపోయిన పొగ అది.

స్మోక్ టెస్ట్‌కి ఒక గుడ్డితనం ఉంది. బ్రేక్ బూస్టర్ పైపులో ఒకవైపు మాత్రమే గాలి వదిలే వాల్వ్ ఉంటుంది. పొగ దానికి ఎదురు వెళ్లలేదు. అందుకే బూస్టర్ లోపలి లీకు పొగలో కనబడదు. పైన చెప్పిన పెడల్ పరీక్ష ఎలాగూ మీరే చేయాలి.

యూట్యూబ్‌లో చూసి కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతికే ఆలోచన ఉంటే మానుకోండి. వీ8 రెండువైపులా కాలే ఎగ్జాస్ట్ ఉంటుంది, మండే స్ప్రే దానిమీద పడితే ఇంటిముందు అగ్నిగుండమే. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అయితే వేడికి విషవాయువు కూడా పుడుతుంది. అంతగా చేయాలనిపిస్తే పిచికారీ సీసాతో నీళ్లు సన్నగా, వైర్లకీ కాయిల్స్‌కీ దూరంగా కొట్టి ఈల మారుతుందేమో వినండి. అది కూడా స్మోక్ టెస్ట్‌కి సాటిరాదు.

లీకు తేలాక రిపేర్ సంగతి. ముడతల గొట్టం, బ్రేక్ పైపు, పర్జ్ వాల్వ్, రబ్బరు టోపీలు, ఆయిల్ మూత, ఇవన్నీ మీరు ఇంట్లో చేసుకోగలరు. చిరిగిన గొట్టానికి సిలికాన్ పూసి పెట్టొద్దు. అది ఊడి లోపలికి పోతుంది, కొన్నిరకాల సిలికాన్ ఆవిరి మీరు కొత్తగా వేయించిన ఆక్సిజన్ సెన్సర్లనే చంపుతుంది. దారిలో చిరిగితే ఇంటికి చేరేదాకా టేపు చుట్టుకోండి, అంతవరకే.

పీసీవీ వాల్వ్ దగ్గరికి వస్తే, మానిఫోల్డ్ విప్పకుండా వెనకనుంచి చేయి దూర్చి మార్చేవాళ్లు ఉన్నారు. ఆ ఇరుకులో ఒక స్క్రూ జారితే దేవుడే దిక్కు. నా సలహా, మానిఫోల్డ్ విప్పేయండి, లేదా విప్పించండి. ఎందుకంటే ఎలాగూ మానిఫోల్డ్ గ్యాస్కెట్లు కూడా 2004వే. ఒకసారి అది పైకి లేచాక కింద కనిపించేదాన్ని చూడండి: వీ ఆకారపు లోయని మూసే ఒక రేకు, వ్యాలీ ప్యాన్ అంటారు. దాని కింద కూలెంట్ ఉంటుంది. ఆ గ్యాస్కెట్ కూడా ముసలితనంతో కారి ఇంజన్ వెనకనుంచి గేర్‌బాక్స్ మీద చుక్కలు పడటం ఈ ఇంజన్లకి బాగా అలవాటు. నాక్ సెన్సర్లు కూడా అక్కడే ఉంటాయి. మానిఫోల్డ్ గ్యాస్కెట్లు, పీసీవీ, వ్యాలీ ప్యాన్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ ఓ-రింగులు, చిన్న వ్యాక్యూమ్ పైపులు, అన్నీ ఒకే విప్పుడులో అయిపోవాలి. భాగాల ఖర్చు కంటే విప్పి బిగించే కూలీయే ఎక్కువ కాబట్టి రెండోసారి విప్పాల్సిన పరిస్థితి రానివ్వకండి.

మీరే చేస్తానంటే శని, ఆదివారాలు రెండూ కేటాయించుకోండి, సోమవారం ఆఫీసుకి ఇంకో బండి చూసుకోండి. బ్యాటరీ తీసేయాలి. ఇంజన్ ఆగినా పెట్రోల్ లైన్లో ఒత్తిడి నిలిచే ఉంటుంది, గుడ్డ కప్పి మెల్లగా వదలాలి, దగ్గర్లో సిగరెట్టు, హీటర్ ఏవీ ఉండకూడదు. వైర్ల కనెక్టర్లు ఇరవై ఏళ్లకి బిస్కెట్లలా అవుతాయి, లాగకుండా లాక్ నొక్కి తీయండి. విప్పేముందు ప్రతి కోణంలో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. మానిఫోల్డ్ లేవగానే ఎనిమిది రంధ్రాల్లోనూ శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఒక్క నట్టు అందులో పడితే హెడ్డే విప్పాల్సి రావొచ్చు. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, బిగించేటప్పుడు బలం చూపించొద్దు. టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న కొలతకి, మధ్యనుంచి బయటికి విడతలవారీగా బిగించండి. బ్రేక్ ప్యాడ్ల అనుభవంతో ఈ పని మొదలుపెట్టడం సాహసమే. పక్కన ఒకసారి చేసినవాళ్లు ఉంటే దిగండి. లేకపోతే గొట్టాలూ పర్జ్ వాల్వూ మీరు చేసుకుని మానిఫోల్డ్ పని షాపుకి వదిలేయండి, మీ వారాంతం విలువ కూడా లెక్కేసుకోవాలి కదా.

కొత్తగా వేసిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఏ కంపెనీదో బిల్లులో చూడండి. పేరూ ఊరూ లేని చవకరకమైతే అదొక కొత్త రోగం, గాలిని తప్పుగా కొలిచి లీకు బాగుచేశాక కూడా ట్రిమ్‌ని గందరగోళం చేస్తుంది. పాతది షాపువాళ్లు ఇచ్చి ఉంటే పారేయకండి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ల కోసమే అమ్మే క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, లీకు రిపేరయ్యాక దాన్నీ పెట్టి చూడండి. ఏదానితో ట్రిమ్ సున్నాకి దగ్గరగా వస్తే అదే ఉంచుకోండి.

ఇక మీ నాన్నగారి మాట. దాన్ని కొట్టిపారేయను. ఈ ఇంజన్‌కి గాలి లీకు కంటే పెద్ద జబ్బు ఒకటుంది: టైమింగ్ చైన్ గైడ్లు. చైన్ రాసుకుని వెళ్లే పట్టాలు ప్లాస్టిక్‌వి, ఈ మైలేజీకి విరగడం మామూలే. మార్చాలంటే ఇంజన్ ముందుభాగం మొత్తం విప్పాలి, మీ బండి ధరకి దగ్గరగానో దాటిగానో బిల్లు వస్తుంది. కాబట్టి మానిఫోల్డ్ మీద ఖర్చుపెట్టేముందు, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లు బండి ముందు నిలబడి వినండి. గలగలమని గొలుసు కొట్టుకునే చప్పుడు వస్తుంటే, లేదా ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్‌లో ప్లాస్టిక్ ముక్కలు కనబడితే, నేను కూడా మీ నాన్నగారి పక్షమే. ఆ చప్పుడు లేకపోతే, గేర్లు సాఫీగా పడుతుంటే, సస్పెన్షన్ రాత్రికి రాత్రి కూలబడకుండా ఉంటే, ఈ లీకు ఒక్కదానికోసం బండి అమ్మనక్కర్లేదు. లైట్ వెలుగుతున్న బండికి వచ్చే ధర కూడా ఏమంత ఉండదు. అదీగాక కాలిఫోర్నియాలో బండి అమ్మాలన్నా మామూలుగా స్మాగ్ సర్టిఫికెట్ అమ్మేవాళ్లే ఇవ్వాలి, అంటే అమ్మినా ఈ లీకు మీ మెడకే.

స్మాగ్ గురించి మాత్రం తొందరపడండి. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఉంటే ఫెయిల్. పరీక్షకి ముందురోజు స్కానర్‌తో కోడ్ చెరిపేసి వెళదామనుకుంటే అది కూడా ఫెయిలే. కోడ్ చెరపగానే బండి తనను తాను పరీక్షించుకునే ‘మానిటర్లు’ అన్నీ సున్నాకి వెళతాయి. 2000, ఆ తర్వాతి పెట్రోల్ బళ్లకి ట్యాంక్ ఆవిరి మానిటర్ ఒక్కటి అసంపూర్తిగా ఉన్నా పాస్ చేస్తారు, మిగతావన్నీ పూర్తయి ఉండాలి. ఆ మానిటర్లు పూర్తవడానికి చల్లటి స్టార్టులు, ఊళ్లో ట్రాఫిక్, హైవే మీద నిలకడగా నడపడం అన్నీ కలిసిన కొన్నిరోజుల మామూలు ప్రయాణం కావాలి. కాబట్టి రిపేర్ పరీక్ష తేదీకి కనీసం రెండుమూడు వారాల ముందు పూర్తవ్వాలి. పీసీవీ బదులు ఆయిల్ క్యాచ్ క్యానో (ఆవిరిలోని ఆయిల్‌ని పట్టే డబ్బా), గాలికి తెరిచిన బ్రీదరో పెట్టిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. బానెట్ ఎత్తి చూసే తనిఖీలో అది దొరికిపోతుంది.

రిపేర్ అయ్యాక కోడ్లతోపాటు పాత ట్రిమ్ లెక్కలు కూడా చెరిపించండి. ల్యాండ్ రోవర్ లేదా బీఎండబ్ల్యూ భాష తెలిసిన స్కానర్ ఉన్న షాపైతే ‘అడిటివ్’, ‘మల్టిప్లికేటివ్’ అని రెండు అంకెలు విడివిడిగా చూపిస్తుంది. ఐడిలింగ్ లీకు అడిటివ్‌లో బయటపడుతుంది, బిల్లు కట్టేముందు ఆ అంకె చూపించమని అడగండి. మీ బ్లూటూత్ స్కానర్‌తో అయితే వారంపాటు పొద్దున చల్లటి స్టార్ట్ తర్వాత ఇంజన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో, మళ్లీ 2,500 దగ్గర రాసిపెట్టుకోండి. రెండుచోట్లా 5 లోపల ఆడితే స్మాగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఐడిలింగ్‌లో ఇంకా +10 దగ్గరే ఆగిపోతే రెండో చిల్లు మిగిలే ఉంది, అదే షాపులో మళ్లీ చల్లటి ఇంజన్ మీద పొగ ఎక్కించమనండి. పని సరిగ్గా జరిగిందో లేదో చూడటం కోసం కాబట్టి ఆ రెండో పరీక్షకి డబ్బు తీసుకోకూడదని పని ఒప్పజెప్పేటప్పుడే మాట్లాడుకోండి.